జహీరాబాదు పంచాయతి సమితి: పుట్టుక, పాలన, అస్తమయము



నేటి ప్రసంగమునకు విషయము ఇప్పుడు లేని యొక సంస్థ. జహీరాబాదు పంచాయతి సమితి యని యొకటి యుండెడిది. అది ఇంచుమించు 27 ఏండ్లు బ్రతికి, శాసనముచే పుట్టినట్లే శాసనముచే గతించినది. అయినను మా ప్రాంతమునందలి వృద్ధులు నేటికిని మండల పరిషత్తు కార్యాలయమును 'సమితి ఆఫీసు' అనియే పిలుచుచుందురు. నాకును ఆ యలవాటు పోలేదు. ఒకనాడు నేను చేతికఱ్ఱ తీసికొని, "సమితి ఆఫీసు వఱకు పోయి వచ్చెదను" అని యింట చెప్పగా, నా మనుమడు "తాతా! సమితి యనగా నేమి? ఆ పేరుగల బోర్డు ఊరిలో నెక్కడను లేదే!" యని యడిగెను. వానికి రెండు మాటలలో నుత్తరము చెప్పలేకపోతిని. నాడు వానికి చెప్పవలసిన యుత్తరమునే నేడు మీ యెదుట చెప్పబూనితిని.

చిన్ననాట సంస్కృత వ్యాకరణము చదివినవాడను గనుక, ముందుగా మాటను విప్పి చూచుట నాకు పరిపాటి. 'సమ్' అనగా కూడి యని యర్థము. 'ఇ' ధాతువునకు పోవుట యని యర్థము. అందఱు కూడి యొక్కచోటికి వచ్చుటయే సమితి. సభ, సమితి యను రెండు పదములును వేదకాలము నాటివి. అథర్వవేదమునందు ఈ రెంటిని ప్రజాపతి కుమార్తెలుగా చెప్పియున్నారు. ఇక మా ప్రాంతము నేలిన వ్యవస్థల పేర్లను వరుసగా పరికింపుడు: పాయిగా, తాలూకా, సమితి, మండలము. పాయిగా పారసీక పదము. గుఱ్ఱపుసాల యని దాని యర్థము. తాలూకా అరబ్బీ నుండి వచ్చినది. ఒకరికి సంబంధించి, ఒకరి యధీనమున నున్న భూమి యని భావము. మండలమనగా వలయము, చుట్టు గీచిన గీత. ఈ నాలుగింటిలో జనులు తామై కలసి వచ్చుట యను భావము గలది సమితి యొక్కటియే. పేరునకు తగినట్లు పని జరిగినదా లేదా యనునది వేఱు ప్రశ్న. దానినే నేడు విచారింతము.

మొదట పాయిగాల కాలమును చెప్పెదను. జహీరాబాదు హైదరాబాదు నుండి పూనాకు పోవు పెద్దబాటమీద, వికారాబాదు నుండి బీదరునకు పోవు రైలుదారిమీద నున్నది. ఒక ప్రక్క ఎఱ్ఱనేల, వేఱొక ప్రక్క నల్లరేగడి. అంగడిలో తెలుగు, కన్నడము, ఉర్దూ, మరాఠీ నాలుగును వినబడును. ఈ చోటికి పూర్వము ఏకేలి యని పేరుండెననియు, పాయిగా వంశీయుడగు జహీర్ యార్ జంగు పేర తరువాత జహీరాబాదైనదనియు పెద్దలు చెప్పుకొందురు.

నైజాము రాజ్యమునందు భూమి యంతయు నొకే పాలనలో లేదు. ప్రభుత్వము నేరుగా ఏలు భూమి దివానీ; నైజాము సొంతపు భూమి సర్ఫెఖాసు; తక్కినవి జాగీరులు, పాయిగాలు, సంస్థానములు. పాయిగా ప్రభువులకు సైన్యపోషణము నిమిత్తమై భూములిచ్చిరి గనుకనే వానికా గుఱ్ఱపుసాల పేరు వచ్చినది. ఆ భూములలో శిస్తు వసూలు, పోలీసు, న్యాయవిచారణ సయితము ఆ ప్రభువులవే. 1853 నుండి 1883 వఱకు దివానుగా నుండిన సాలార్ జంగు 1865లో జిల్లాలను ఏర్పఱచి పరిపాలన కొక క్రమము తెచ్చెను. ఆ తరువాత రూపాయి శిస్తునకు ఒక అణా చొప్పున స్థానిక పన్ను విధించి, జిల్లా బోర్డులను, తాలూకా బోర్డులను పెట్టిరి. కాని యా బోర్డులలో నియమితులే హెచ్చు, అధ్యక్షపీఠము అధికారులది.

గ్రామములో మాలీ పటేలు శిస్తు చూచెను, పోలీసు పటేలు శాంతిభద్రతలు చూచెను, పట్వారీ లెక్క వ్రాసెను. నీరడి చెఱువు తూము కాచెను, సేత్‌సింధి కబురు మోసెను. ఆ పదవులు వంశపారంపర్యములు. ఊరి పేదలకు మిగిలినది వెట్టి. మా తండ్రిగారు ఒక మాట చెప్పుచుండెడివారు. ఊరిలో త్రాగునీటి బావి కూలినప్పుడు పటేలు నడిగిరట. ఆయన తాలూకా కచేరి నడుగుమనెను. కచేరివారు నగరములోని దేవిడీ నడుగవలెననిరి. "అర్జీ పైకి పోవుటకు దారి యుండెను గాని, క్రిందికి వచ్చుటకు దారి లేకుండెను" అని మా తండ్రిగారు నవ్వుచు ననెడివారు. ఆ బావిని కడకు ఊరివారే చందాలు వేసికొని త్రవ్వుకొనిరి.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసినది. 1949 ఆగస్టు 15న వచ్చిన శాసనముచే జాగీరులతోపాటు పాయిగాలును రద్దయి, ఆ భూములు ప్రభుత్వపాలనలోనికి వచ్చెను. అప్పటికి మా జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోనిది. 1956 నవంబరు 1న భాషానుసారముగా రాష్ట్రములను విభజించినప్పుడు, నిర్ణా సర్కిలు తప్ప తక్కిన జహీరాబాదు తాలూకా, బీదరు తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిలు, నారాయణఖేడు తాలూకా ఆంధ్రప్రదేశమునకు వచ్చెను. మా తాలూకా మెదకు జిల్లాలో చేరినది. నిర్ణా సర్కిలు మైసూరు రాష్ట్రమునకు పోయినది. సరిహద్దు మాఱినను పెండ్లి సంబంధములు మాఱలేదు. నేటికిని మా వైపు పిల్లలను ఆ వైపు, ఆ వైపు పిల్లలను మా వైపు ఇచ్చి పుచ్చుకొనుచునే యున్నారు.

ఇక సమితి పుట్టుక. 1952 అక్టోబరు 2న దేశమునందు సమాజాభివృద్ధి పథక మారంభమైనది. ఇంచుమించు నూఱు గ్రామములు, అఱువది డెబ్బది వేల జనము ఒక బ్లాకుగా నేర్పఱుపవలెనని దాని యుద్దేశము. అధికారులు వచ్చిరి, జీపులు వచ్చెను. గాని జనులు దూరముగా నిలిచి చూచుచుండిరి. ఇట్లేల జరుగుచున్నదో విచారించుటకు బల్వంతరాయ్ మెహతా అధ్యక్షతను నియమించిన సంఘము 1957లో తన యభిప్రాయమును తెలిపినది. ఎన్నికైన ప్రజాప్రతినిధులకు అధికారమును ధనమును అప్పగింపనిదే గ్రామాభివృద్ధి జరుగదని యా సంఘము తేల్చినది. దానిని ముందుగా 1959 అక్టోబరు 2న రాజస్థానము ఆచరణమున పెట్టెను. అదే నెలలో ఆంధ్రప్రదేశము అనుసరించినది. నాటి పాలమూరు జిల్లా షాద్‌నగరమునకు ప్రధానమంత్రి జవాహర్‌లాల్ నెహ్రూ స్వయముగా విచ్చేసెను.

ఆ యేర్పాటు మూడంతస్తుల యిల్లు వంటిది. క్రింద గ్రామపంచాయతి, నడుమ బ్లాకునకు పంచాయతి సమితి, పైన జిల్లాకు జిల్లా పరిషత్తు. బ్లాకులోని సర్పంచులే సమితి సభ్యులు. స్త్రీలను, షెడ్యూల్డు కులములవారిని సహసభ్యులుగా చేర్చుకొను నేర్పాటును శాసనములో నుంచిరి. సమితి యధ్యక్షులు జిల్లా పరిషత్తులో సభ్యులు. సమితి నిర్ణయములను నడుపుటకు బ్లాకు అభివృద్ధి అధికారి, ఆయన క్రింద వ్యవసాయము, పశుపోషణము మొదలగువానికి విస్తరణాధికారులు, ఊళ్లలో గ్రామసేవకులు నుండిరి. ప్రాథమిక పాఠశాలలు, బావులు, చిన్న చెఱువులు, ఊరి బాటలు, విత్తనములు, ఇవి సమితి పనులు. భూమిశిస్తుపై వేయు సెస్సు, ప్రభుత్వ మిచ్చు గ్రాంటు దాని యాదాయము.

నేను 1981లో ఇట్టి సమితి పాఠశాలలో నుపాధ్యాయుడనుగా చేరితిని. ఏ సమితియో చెప్పను. ఇప్పుడు చెప్పబోవు కథకు ఊరి పేరుతో పనిలేదు. మా బడిలో నీళ్లు లేకుండెను. పిల్లలు రెండు ఫర్లాంగుల దూరమునందున్న యొక రైతు మోటబావికి పోయి త్రాగి వచ్చెడివారు. ప్రధానోపాధ్యాయుడు అర్జీ వ్రాసి నా చేతికిచ్చి సమితి సమావేశమునకు పంపెను. నేనట్టి సమావేశము చూచుట అదే మొదలు. బల్లలమీద సర్పంచులు వరుసగా కూర్చుండిరి. ఒకాయన కన్నడములో మాటాడగా వేఱొకాయన తెలుగులో బదులు చెప్పెను; ఇంకొకాయన ఉర్దూలో చమత్కరించెను; అందఱు నవ్విరి. అందఱకు అన్నియు అర్థమైనవి. మా ఊరి సర్పంచి లేచి, చదువురానివాడైనను, "మా పిల్లలు ఎండలో నీళ్లకు పోయి వచ్చుసరికి చెప్పిన పాఠము మఱచుచున్నారు" అని యొక్క మాట చెప్పి కూర్చుండెను. బావి మంజూరైనది. తీర్మానము పుస్తకములో నెక్కినది. మా తండ్రిగారు చెప్పిన క్రిందికి వచ్చు దారి నాకు నాడు కనబడినది.

అయినను సమితిని పొగడి ఊరకుండుట న్యాయము కాదు. దానిలో లోపములును పెద్దవే. మొదటిది, సర్పంచులలో పెక్కురు పాత పటేళ్ల యిండ్లవారు, భూవసతి గలవారు. కూలివాని గొంతు, స్త్రీ గొంతు ఆ బల్లలమీద వినబడుట యరుదు. రెండవది దూరము. చివరి గ్రామములోని రైతు చిన్న పనికై వచ్చి పోవుటకు ఒకదినము వ్యర్థమగుచుండెను. మూడవది అన్నిటికంటె ముఖ్యము. సమితులకు ఎన్నికలు 1959లో, 1964లో, 1970లో జరిగెను. ఆ తరువాత మరల 1981 వఱకు జరుగలేదు. పదునొకండేండ్లు ఎన్నిక లేని సభను జనులు తమదిగా నెట్లు భావింతురు? కలసి వచ్చుట యాగిన నాడే సమితికి జబ్బు పట్టినది. తరువాతి శాసనము మరణపత్రము వ్రాసినది.

ఆ శాసనము కథ యిది. 1984 జనవరిలో నందమూరి తారక రామారావు ప్రభుత్వము పటేలు పట్వారీల పారంపర్య పదవులను రద్దు చేసెను. 1985లో తాలూకాలను విడగొట్టి మండలములను ఏర్పఱచిరి. 1986 శాసనముచే సమితుల స్థానమున మండల ప్రజాపరిషత్తులు వచ్చెను. 1987 ఆరంభమునకు సమితులు గతించెను. రాష్ట్రమున సుమారు 330 సమితులుండగా, వాని బదులు సుమారు 1,100 మండలములు వచ్చెను. మా పరిసరములలో జహీరాబాదు, కోహీరు, ఝరాసంగము, న్యాల్‌కల్, రాయికోడు మండలములు ఏర్పడెను. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా యేర్పడినప్పుడు జహీరాబాదు మండలము నుండి మొగుడంపల్లి వేఱు మండలమైనది. రైతునకు ఆఫీసు దగ్గఱయైనది. ఇది నిజమైన మేలు.

మా బడి బోర్డుమీద 'పంచాయతి సమితి' యను నక్షరములను చెఱిపి 'మండల ప్రజాపరిషత్తు' అని వ్రాయించితిమి. బోర్డు మాఱుటకు ఒక్కదినము పట్టినది. బావి మాత్రము రాలేదు. మంజూరు కాగితము ఒక మండలమునకు పోయినది. మా గ్రామము వేఱొక మండలములో పడినది. ఇక్కడివారు అక్కడ అడుగుమనిరి, అక్కడివారు ఇక్కడ అడుగుమనిరి. మూడేండ్లు గడచెను. కడకు ఆ చదువురాని సర్పంచి తన యింటి పెట్టెలోనుండి ఒక మడత కాగితము తీసి తెచ్చెను. తీర్మానము జరిగిననాడే దాని నకలు వ్రాయించి, ముద్ర వేయించి దాచుకొనెనట. ఆ కాగితమును ఊరివా రందఱి యెదుట చదివి, మరల తీర్మానించి పంపితిమి. ఆ యేటనే బావి త్రవ్విరి. చదివినవారము మేము పోగొట్టుకొన్నదానిని చదువురాని పెద్ద కాపాడెను.

ఇట్టి మార్పులు మన దేశమునకే వచ్చినవని యనుకొనరాదు. ఐరోపాఖండమున ఉత్తరపు కొనను నార్వే యను దేశము గలదు. కొండలు, సముద్రపు పాయలు, వానినడుమ చిన్న చిన్న పల్లెలు. అక్కడ 1837లో నొక శాసనము చేసి, ప్రతి గ్రామప్రాంతమునకు ఎన్నికైన సభ నిచ్చిరి. మొదట వోటు కొందఱు పురుషులకే. 1910 నాటికి స్థానిక ఎన్నికలలో స్త్రీలందఱకును లభించినది. బడి, బాట, పేదల పోషణ ఆ సభల పనులు. 1930 నాటికి అట్టి స్థానిక సంస్థలు 747 ఉండెను. తరువాత, చిన్న సభ పెద్ద పాఠశాలను, వైద్యుని భరింపజాలదని తలంచి, ముఖ్యముగా 1960 తరువాతి యేండ్లలో వానిని కలుపుచు వచ్చిరి. 2020 నాటికి 356 మిగిలెను. ఎన్నియో పల్లె సభల పేర్లు మన సమితి పేరువలెనే ముసలివారి నోట మాత్రము నిలిచెను.

చూడుడు! వారు చిన్నవానిని కలిపిరి. మనము పెద్దదానిని విడగొట్టితిమి. ఎవరిది సరి? చిన్న కడవ మోయుట సులువు, గాని నీళ్లు ఇంటికి చాలవు. పెద్ద కడవ నీళ్లు చాలును, గాని ముసలిది మోయలేదు. ఎవరి యింటి యవసరమునుబట్టి వారి కడవ. కాని కడవ యేదైనను నీళ్లు రావలసినది బావినుండియే. స్థానికపాలనకు ఆ బావి గ్రామసభ. సమితి రద్దైనది, తాలూకా రద్దైనది, పటేలు పదవి రద్దైనది. ఊరిలోని వోటరులందఱును కూర్చుండు గ్రామసభ మాత్రము రద్దు కాలేదు. పైపెచ్చు, 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ సవరణచే దానికి రాజ్యాంగములో స్థానము దొరకినది. అయిదేండ్ల కొకసారి ఎన్నిక జరుపవలెననియు, మూడవవంతునకు తక్కువ కాకుండ స్త్రీలకు స్థానములు కేటాయింపవలెననియు ఆ సవరణమే విధించినది. తెలంగాణమున 2018లో వచ్చిన పంచాయతిరాజ్ శాసనము స్త్రీలకు సగము స్థానము లిచ్చినది. తండాలను సయితము పంచాయతులుగా చేసినది. రెండు నెలల కొకసారియైన గ్రామసభ జరుపవలెనని చెప్పినది.

శాసనము చెప్పిన మాత్రాన జరుగునా? 2019 జనవరిలో ఎన్నికైన మన పంచాయతుల గడువు 2024 ఆరంభమున తీరినది. మరల ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగెను. నడుమ దాదాపు రెండేండ్లు ప్రత్యేకాధికారులు పాలించిరి. సమితికి పట్టిన జబ్బు మరల తలుపు తట్టినదని నాకు తోచుచున్నది. మందు పట్టణములో లేదు. మన రచ్చకట్టమీదనే యున్నది.

పెద్దలారా! మీకు నేను ఉపదేశము చేయువాడను గాను. మీలో పెక్కురు నాకంటె వయసున, లోకానుభవమున పెద్దలు. మూడు పనులు మాత్రము కోరుచున్నాను. గ్రామసభకు డప్పు వేసినప్పుడు, "మనకెందుకులే, పిల్లలు చూచుకొందురు" అని యరుగుమీద కూర్చుండకుడు. పోయి ముందు వరుసలో కూర్చుండుడు. రెండవది, మీ కోడండ్రను, కూలిజనమును వెంట తీసికొనిపోయి, వారు మాటాడునప్పుడు మీరు మాటాడకుడు. మీరు మౌనముగా విన్నచో తక్కినవారును విందురు. మూడవది, జరిగిన తీర్మానమునకు నకలు తీసి, తేదీ వేయించి, మీ పెట్టెలో దాచుడు. మండలము మాఱవచ్చును, జిల్లా మాఱవచ్చును. ఆ కాగితము మాఱదు.

మా మనుమనికి నేను తుదకు చెప్పిన యుత్తరము ఇదియే: "నాయనా! సమితి యనగా ఆఫీసు కాదు. అందఱము కూడి ఒక్కచోటికి వచ్చుట. బోర్డు తీసివేసిరి గాని, వచ్చుట మానుమని ఎవ్వరును చెప్పలేదు." వాడు రాబోవు గ్రామసభకు నాతో వచ్చెదనన్నాడు. మీ మనుమలను మీరును తీసికొని రండు.